మనం నొక్కని లింకులు



ఈ పూట ఇంటర్నెట్ బ్రౌజర్ గురించి మాట్లాడుకుందాం. బ్రౌజర్ అంటే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్, సఫారీ వంటివి. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మనకు వెబ్ పేజీలు తెచ్చి చూపించే ప్రోగ్రామ్ అది. మనం ఒక లింకు నొక్కితే ఆ పేజీ తెస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. మనం నొక్కని లింకుల్ని కూడా కొన్నింటిని ముందుగానే తెచ్చి పెట్టుకుంటుందని మాత్రం చాలామందికి తెలియదు. ఎవరూ అడగని పేజీ, ఎవరూ చూడని పేజీ, మన డేటా ఖర్చు మీద, మన పేరు మీద వచ్చి మన ఫోన్‌లో కూర్చుంటుంది. బ్రౌజర్ ఆ పని ఎందుకు చేస్తుంది, దానివల్ల మనకు లాభమెంత, నష్టమెంత, వద్దనుకుంటే ఎక్కడ ఆపాలి అన్న సంగతులు చెబుతాను. ప్రసంగం రెండో సగంలో కొన్ని సెట్టింగుల పేర్లు, కొన్ని ఇంగ్లీషు అక్షరాలు వరసగా చదువుతాను. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందుగా, లింకు నొక్కగానే ఏం జరుగుతుందో చూద్దాం. మీరు ఒక దినపత్రిక వెబ్‌సైటు లింకు నొక్కారనుకోండి. ఆ సైటుకి మనుషులు పిలిచే పేరు ఒకటుంటుంది, కంప్యూటర్లు వాడుకునే అంకెల చిరునామా ఇంకొకటుంటుంది. పేరు ఇస్తే చిరునామా చెప్పే ఏర్పాటు పేరు డీఎన్ఎస్. 1983లో పాల్ మొకాపెట్రిస్ దీన్ని రూపొందించాడు. ఇంటర్నెట్ అంతా ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. బ్రౌజర్ మొదట అక్కడికి వెళ్ళి చిరునామా కనుక్కుంటుంది. తర్వాత ఆ చిరునామాలో ఉన్న సర్వర్‌తో కనెక్షన్ కలుపుకుంటుంది. మధ్యలో ఎవరూ చదవకుండా ఉండేందుకు ఏ రహస్య సంకేతం వాడుకోవాలో రెండువైపులా ఒప్పందానికి వస్తాయి. ఇవన్నీ అయ్యాకే 'ఆ పేజీ పంపించు' అని అడుగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా సమాచారం సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. సిగ్నల్ బాగున్నచోట ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉండి, సర్వర్ ఏ అమెరికాలోనో ఉంటే, ఒక్కో మెట్టు దగ్గర కొంత కొంత ఆలస్యం పేరుకుని పేజీ నత్తనడక నడుస్తుంది.

ఈ ఆలస్యాన్ని తగ్గించడానికి బ్రౌజర్లు తయారుచేసేవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. మనం పేజీ చదువుతున్నంతసేపూ నెట్‌వర్క్ ఖాళీగానే ఉంటుంది. మనం తర్వాత ఏం తెరుస్తామో ఊహించగలిగితే ఆ ఖాళీ సమయంలో పని ముందే చేసి పెట్టొచ్చు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. మంచి ఇంజినీర్లు మంచి ఉద్దేశంతో చేసిన పనే ఇది.

ఈ ముందస్తు పనిలో నాలుగు స్థాయిలున్నాయి. ఇవి గుర్తుంచుకుంటే తర్వాత చెప్పే సెట్టింగులు తేలిగ్గా అర్థమవుతాయి. మొదటిది, సైటు చిరునామా ముందే కనుక్కుని ఉంచుకోవడం. దీన్ని డీఎన్ఎస్ ప్రీఫెచ్ అంటారు. ఖర్చు కొన్ని వందల బైట్లు, అంటే దాదాపు ఏమీ లేనట్టే. రెండోది, సర్వర్‌తో కనెక్షన్ కూడా ముందే కలిపి ఉంచడం. ఖర్చు కొన్ని కిలోబైట్లు. మూడోది, పేజీనే తెచ్చి దాచిపెట్టుకోవడం. దీని పేరు ప్రీఫెచ్. నాలుగోది, ప్రీరెండర్. పేజీని బొమ్మలతో, లోపల నడిచే ప్రోగ్రాములతో సహా కనిపించని చోట పూర్తిగా సిద్ధం చేసి ఉంచడం. ఈ నాలుగో స్థాయిలో ఖర్చు మెగాబైట్లలోకి వెళ్తుంది. ఈ రోజుల్లో ఒక మామూలు వెబ్ పేజీ బొమ్మలన్నీ కలుపుకుని ఒకటి రెండు మెగాబైట్లు దాటడం సాధారణమే.

బంతి భోజనాల్లో వడ్డించేవాళ్ళు అడక్కుండానే అన్నీ విస్తట్లో వేసుకుంటూ పోతారు చూడండి, ఇదీ అలాంటిదే. ఆకలి మీద ఉన్నవాడికి ఆ వేగం మహా సంతోషం. వద్దనుకున్నవాడి విస్తట్లో అదంతా వృథా. పెళ్ళిలో ఆ ఖర్చు పిలిచినవాళ్ళది, ఇంటర్నెట్‌లో మాత్రం విస్తరి ముందు కూర్చున్న మనదే.

మరి మనం తర్వాత ఏం తెరుస్తామో ఊహించేది ఎవరు? ఇద్దరు. ఒకరు, మనం చూస్తున్న పేజీని రాసినవాళ్ళు. 'ఈ పేజీ చదివేవాళ్ళు తర్వాత ఫలానా పేజీకి వెళ్తారు, ముందే తెచ్చి ఉంచు' అని వాళ్ళు పేజీ కోడ్‌లో ఒక సూచన పెట్టగలరు. రెండు మూడు పేజీలుగా ఉన్న వ్యాసంలో రెండో పేజీకి ఇలాంటి సూచన పెట్టడం మామూలు. 2005లో గూగుల్ తన సెర్చ్ ఫలితాల్లో మొట్టమొదటి దానికి ఇలాంటి సూచనే పెట్టి, ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళకు ఆ పేజీ ముందుగానే వచ్చేలా చేసింది. ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. పేజీలో కనిపించే లింకులన్నింటినీ బ్రౌజర్ తెరిచేస్తుందని కొందరు భయపడతారు. ఫైర్‌ఫాక్స్ అలా చేయదు. ఆ ప్రత్యేకమైన సూచన ఉన్నవాటినే, అదీ ముందున్న పేజీ పూర్తిగా వచ్చి నెట్‌వర్క్ ఖాళీ అయ్యాకే తెస్తుంది. మీరు మధ్యలో వేరే లింకు నొక్కితే ఆ పని ఆపేస్తుంది.

ఊహించే రెండోవారు బ్రౌజరే. మనం అడ్రస్ బార్‌లో ఏ అక్షరాలు టైప్ చేశాక ఏ సైటుకి వెళ్తున్నామో క్రోమ్ లెక్క రాసుకుంటుంది. ఆ లెక్క మీరే చూడొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి, అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, ప్రిడిక్టర్స్ అని టైప్ చేయండి. ఒక పట్టిక వస్తుంది. మీరు కొట్టిన అక్షరాలు, వెళ్ళిన సైటు, ఆ ఊహ ఎంత నమ్మకమైనదో చూపే అంకె, అన్నీ అందులో ఉంటాయి. నమ్మకం 50 శాతం దాటితే క్రోమ్ ఆ సైటుతో ముందే కనెక్షన్ కలుపుతుంది. 80 శాతం దాటితే పేజీ మొత్తాన్ని ముందే సిద్ధం చేస్తుంది. అంటే మీరు ఎంటర్ నొక్కకముందే, రెండు మూడు అక్షరాలు కొట్టగానే, పేజీ రావడం మొదలవుతుంది. ఒకే ల్యాప్‌టాప్‌ను ఒకే ఖాతాతో ఇంట్లో నలుగురూ వాడుతుంటే ఈ లెక్క నలుగురిదీ కలిసిపోతుంది. అన్నయ్య అలవాటును బట్టి చెల్లెలు వాడే వేళ పేజీ దిగుతుంది. ఈ కలగాపులగం ఎవరూ కోరుకునేది కాదు.

ఇది కొత్తగా వచ్చిన సదుపాయమేమీ కాదు. ఫైర్‌ఫాక్స్‌కు ముందు తరం అయిన మొజిల్లా బ్రౌజర్‌లో 2002లో వచ్చిన 1.2 వెర్షన్ నాటికే ప్రీఫెచ్ ఉంది. దాని గురించి మొజిల్లా వాళ్ళు అప్పట్లో ఇచ్చిన వివరణలోనే రెండు ప్రశ్నలు లేవనెత్తారు. డేటాకు బైటు లెక్కన డబ్బు కట్టేవాళ్ళ సంగతేమిటి అనేది ఒకటి. వెళ్ళని సైటుకి కూడా మన కుకీలు చేరతాయి కదా అనేది రెండోది. కుకీ అంటే ఒక సైటు మనల్ని గుర్తు పట్టడానికి మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న చీటీ. ఈ సదుపాయాన్ని తేలిగ్గా ఆపుకునే వీలు వాడేవాళ్ళకు ఉండాలని ఆ రోజే చెప్పారు, ఆ వీలు ఇచ్చారు. ఈ సెట్టింగు ఇప్పటికీ ఉండడానికి కారణం ఆ ముందుచూపే. దాన్ని వాడుకోవడం మన వంతు.

ముందుగా తెచ్చుకోవడం ఎంత దూరం పోగలదో 2005 మే నెలలో ప్రపంచం చూసింది. గూగుల్ ఆ నెలలో వెబ్ యాక్సిలరేటర్ అనే ప్రోగ్రామ్ విడుదల చేసింది. బ్రౌజర్‌తో పాటు నడుస్తూ పేజీలు వేగంగా వచ్చేలా చేయడం దాని పని. అందుకోసం అది పేజీలో ఉన్న మామూలు లింకుల్ని కూడా ముందే తెరిచి ఉంచేది. అప్పట్లో కొన్ని వెబ్ అప్లికేషన్లలో ఏదైనా తొలగించాలంటే నొక్కే 'డిలీట్' కూడా మామూలు లింకు రూపంలోనే ఉండేది. వాడుతున్న మనిషి అప్పటికే లాగిన్ అయి ఉన్నాడు. ఆ మనిషి తరఫున యాక్సిలరేటర్ ఒక్కొక్క లింకే తెరుచుకుంటూ పోయింది. డిలీట్ లింకు కూడా తెరిచింది. మనిషి వేలు పెట్టకుండానే దాచుకున్న సమాచారం తుడిచిపెట్టుకుపోయింది. సైట్లు నడిపేవాళ్ళు గగ్గోలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే గూగుల్ ఆ ప్రోగ్రామ్ పంపిణీని నిలిపింది. 2008లో దానికి పూర్తిగా స్వస్తి చెప్పింది.

తప్పెవరిది? నియమం ప్రకారం చూస్తే సైట్లు తయారుచేసినవాళ్ళదీ ఉంది. పేజీలు ఎలా అడగాలో, ఎలా పంపాలో చెప్పే నియమాల పత్రం, 1999 జూన్‌లో ప్రచురితమైన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంలోనే, పేజీని తెచ్చి చూపించే అభ్యర్థన దేన్నీ మార్చకూడదు, తొలగించకూడదు అని ఉంది. వాళ్ళు దాన్ని పాటించలేదు. కానీ నియమాన్ని అందరూ పాటిస్తున్నారని అనుకుని, జనం మీదికి ఒక ప్రోగ్రామ్ వదలడం కూడా తప్పే. ఈ సంఘటన నుంచి బ్రౌజర్లు నేర్చుకున్నాయి. ఇప్పుడున్నవి ఇలా కనిపించిన లింకునల్లా తెరిచే పని పెట్టుకోవు. అయినా అసలు సూత్రం మనం మరిచిపోకూడదు. మనిషి చేయని పని, మనిషి చేసినట్టుగా నమోదైతే దాని ఫలితం ఆ మనిషే అనుభవించాలి.

ఇప్పుడు నష్టం సంగతి. మొదటిది డేటా. మన ఇళ్ళలో ఎక్కువమంది రోజుకింత అని లెక్క ఉన్న ప్యాక్ మీద ఉంటారు. ఒక విద్యార్థికి రోజుకి ఒకటిన్నర గిగాబైట్ల ప్యాక్ ఉందనుకుందాం. చూడని పేజీలు రోజుకి 50 వచ్చాయని, ఒక్కొక్కటి 2 మెగాబైట్లని అనుకుందాం. అది 100 మెగాబైట్లు. అంటే ఆ రోజు డేటాలో పదిహేనో వంతు. రోజు కోటా అయిపోయాక వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయే ప్యాక్‌లు మనకు అలవాటే. ఆ వేగంతో 2 మెగాబైట్ల పేజీ ఒకటి రావాలంటే 4 నిమిషాల పైన పడుతుంది. పొద్దున ఎవరూ చూడని పేజీలకు పోయిన డేటా, రాత్రి హాల్‌టికెట్ తీసుకోవాల్సిన పిల్లవాడి ముందు నాలుగేసి నిమిషాల నిరీక్షణగా తేలుతుంది. నేను చెప్పింది ఒక ఉదాహరణ లెక్క. ఎవరి వాడకం వారిది. ఎవరి లెక్క అయినా, ఆ ఖర్చు పెట్టాలా వద్దా అని నిర్ణయించుకోవాల్సింది డబ్బు కట్టినవాళ్ళే.

రెండో నష్టం డేటా కంటే పెద్దది. బ్రౌజర్ ఒక సైటు చిరునామా కనుక్కున్నా, కనెక్షన్ కలిపినా, పేజీ తెచ్చినా, ఎక్కడో ఒకచోట ఆ సంగతి నమోదవుతుంది. ఆఫీసు నెట్‌వర్క్, కాలేజీ హాస్టల్ వైఫై, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ వంటివి ఎవరు ఎప్పుడు ఏ సైటుకి వెళ్ళారన్న వివరం రాసుకోవచ్చు. దాన్నే లాగ్ అంటారు. మీరు ఒక జబ్బు గురించి, ఒక రుణం గురించి, ఇంకో ఉద్యోగం గురించి ఒక పేజీ చదివారు. అందులో ఉన్న సూచన ప్రకారం బ్రౌజర్ మీరు ఎన్నడూ చూడని ఇంకో సైటుని పలకరించింది. లాగ్‌లో మీ కంప్యూటర్ పక్కన ఆ సైటు పేరు పడింది. ఇది ప్రీఫెచ్ మాత్రమే, మనిషి నొక్కింది కాదు అని తెలిపే ఒక గుర్తును బ్రౌజర్లు తమ అభ్యర్థనతో పాటు పంపుతాయి. కానీ ఆ గుర్తు సంకేత భాషలో భద్రంగా వెళ్ళి అవతలి సర్వర్‌కే తెలుస్తుంది. దారి మధ్యలో లాగ్ రాసే నెట్‌వర్క్‌కి ప్రధానంగా కనిపించేది సైటు పేరు, సమయం, ఏ కంప్యూటర్ అన్న మూడు ముక్కలే. అక్కడ నొక్కిన లింకుకీ నొక్కని లింకుకీ తేడా లేదు. రేపు ఎవరైనా ఆ లాగ్ చూపించి అడిగితే, నేను వెళ్ళలేదని నిరూపించుకోవడం మామూలు మనిషికి సాధ్యమయ్యే పనేనా? ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఈ విషయం అందరికీ తెలియాలని నా తపన.

లాభం సంగతి కూడా న్యాయంగా చెప్పాలి. ఇంట్లో ఫైబర్ కనెక్షన్, లెక్కలేని డేటా ఉండి, సొంత కంప్యూటర్ వాడుకునేవాళ్ళకు ముందస్తు లోడింగ్ వల్ల పేజీలు చకచకా వస్తాయి. అలాంటివాళ్ళు దాన్ని ఉంచుకున్నా పెద్ద నష్టం లేదు. ఆపినంత మాత్రాన ఏ సైటూ చెడిపోదు, ఏ పేజీ తెరుచుకోకుండా పోదు. నొక్కిన తర్వాత కొద్ది క్షణాలు ఎక్కువ పడుతుంది, అంతే. ఫోన్ డేటాతో ల్యాప్‌టాప్ నడుపుకునేవాళ్ళు, హాస్టల్ పిల్లలు, ఆఫీసు కంప్యూటర్ వాడేవాళ్ళు, ఇంటర్నెట్ సెంటర్లలో, మీసేవ కేంద్రాల్లో నలుగురు వాడే కంప్యూటర్లు చూసుకునేవాళ్ళు మాత్రం దీన్ని ఆపుకోవడమే మంచిదని నా సలహా.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ముందు కంప్యూటర్‌లో ఫైర్‌ఫాక్స్.

పైన అడ్రస్ బార్‌లో అబౌట్ అని, కోలన్ పెట్టి, కాన్ఫిగ్ అని ఖాళీ లేకుండా టైప్ చేయండి. అక్షరాలు చెబుతున్నాను. ఎ, బి, ఓ, యు, టి, తర్వాత కోలన్, తర్వాత సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి. ఎంటర్ నొక్కండి. జాగ్రత్తగా వెళ్ళమని ఒక హెచ్చరిక వస్తుంది. అది న్యాయమైన హెచ్చరికే. ఇక్కడ వేల సెట్టింగులుంటాయి. నేను చెప్పినవి తప్ప ఇంకేవీ కదిలించవద్దు. హెచ్చరికను అంగీకరించి ముందుకు వెళ్తే వెతుక్కునే పెట్టె వస్తుంది.

అందులో ప్రీఫెచ్ అని టైప్ చేయండి. పి, ఆర్, ఇ, ఎఫ్, ఇ, టి, సి, హెచ్. కొన్ని వరసలు కనిపిస్తాయి. వాటిలో నెట్‌వర్క్, చుక్క, ప్రీఫెచ్, చిన్న గీత, నెక్స్ట్ అనే వరస చూడండి. దాని ఎదురుగా ట్రూ అని ఉంటుంది. చివర ఉన్న బాణాల గుర్తు నొక్కితే ఫాల్స్ అవుతుంది. ఫాల్స్ అయితే ప్రీఫెచ్ ఆగినట్టు. ఇది ముఖ్యమైన సెట్టింగు. ఈ ఒక్కటి చేసినా సగం పని అయినట్టే.

అదే జాబితాలో నెట్‌వర్క్, చుక్క, డీఎన్ఎస్, చుక్క, డిసేబుల్ ప్రీఫెచ్ అనే వరస ఉంటుంది. ఇక్కడ జాగ్రత్త. దీని పేరులోనే డిసేబుల్, అంటే ఆపడం, అని ఉంది. అందుకని ఇది ట్రూ ఉంటే ఆగినట్టు. మొదటిదాన్ని ఫాల్స్ చేశాం, దీన్ని ట్రూ చేయాలి. చాలామంది ఇక్కడే తడబడి రెండింటినీ ఒకేలా మార్చేస్తారు. రాసుకోండి, నెక్స్ట్ ఉన్నది ఫాల్స్, డిసేబుల్ ఉన్నది ట్రూ.

ఇప్పుడు పెట్టెలో ఉన్నది చెరిపి స్పెక్యులేటివ్ అని టైప్ చేయండి. ఎస్, పి, ఇ, సి, యు, ఎల్, ఎ, టి, ఐ, వి, ఇ. ముందుగా కనెక్షన్లు కలిపే సెట్టింగులు వస్తాయి. కొత్త ట్యాబ్‌లో కనిపించే సైట్ల బొమ్మల మీద మౌస్ పెట్టినప్పుడు, వెతుకులాట పెట్టెలో టైప్ చేయడం మొదలుపెట్టినప్పుడు ఫైర్‌ఫాక్స్ ముందే కనెక్షన్ కలుపుతుంది. దాన్ని ఆపడానికి, ప్యారలల్ లిమిట్ అని చివర ఉన్న వరసలో అంకె ఉంటుంది, పెన్సిల్ గుర్తు నొక్కి దాన్ని 0 చేయండి. యూఆర్ఎల్ బార్ అనే మాట ఉన్న వరసను ఫాల్స్ చేయండి. మార్చిన వరసలు ముద్దక్షరాల్లో కనిపిస్తాయి. ఎప్పుడైనా పాత పద్ధతే కావాలనుకుంటే, ఆ వరస చివర వెనక్కి తిరిగిన బాణం గుర్తు ఉంటుంది, అది నొక్కితే చాలు.

అబౌట్ కాన్ఫిగ్‌లోకి వెళ్ళడానికి బెరుకుగా ఉన్నవాళ్ళకు ఇంకో దారి ఉంది. యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకోండి. ప్రకటనలు ఆపేదిగా అది చాలామందికి తెలుసు. ముందస్తు లోడింగ్‌ను ఆపే సెట్టింగు కూడా అందులో మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది.

ఇక క్రోమ్. కంప్యూటర్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్‌కి, అక్కడ పెర్ఫార్మెన్స్‌కి వెళ్ళండి. స్పీడ్ అనే భాగంలో ప్రీలోడ్ పేజెస్ అని ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ప్రీలోడ్ పేజెస్. అక్కడ నో ప్రీలోడింగ్, స్టాండర్డ్, ఎక్స్‌టెండెడ్ అని మూడు ఉంటాయి. మనం మార్చకపోతే ఉండేది స్టాండర్డ్. నో ప్రీలోడింగ్ ఎంచుకుంటే ఆగుతుంది. ఎక్స్‌టెండెడ్ మాత్రం తెలిసి ఎంచుకోవాల్సింది. అందులో ఇంకా ఎక్కువ పేజీలు ముందే వస్తాయి. కొన్ని లింకులు గూగుల్ సర్వర్ల మీదుగా వస్తాయి కాబట్టి అవతలి సైటుకి మీరెవరో తెలియదు, ఏ సైట్లు ముందుగా వచ్చాయో గూగుల్‌కి తెలుస్తుంది. ఈ సంగతి ఆ సెట్టింగు పక్కనే రాసి ఉంటుంది, చదివి నిర్ణయించుకోండి.

ఐఫోన్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో సఫారీ విభాగానికి వెళ్తే ప్రీలోడ్ టాప్ హిట్ అని ఉంటుంది, ఆఫ్ చేయండి. ఎడ్జ్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో వెతికే పెట్టెలో ప్రీలోడ్ అని టైప్ చేస్తే ఆ వరస ఎదురుగా వస్తుంది. ఫైర్‌ఫాక్స్ తప్ప మిగిలిన చాలా బ్రౌజర్లకు ఈ చిట్కా పనికొస్తుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా సెట్టింగుల చోటు మారుతుంటుంది. పి, ఆర్, ఇ, ఎల్, ఓ, ఎ, డి అనే అక్షరాలు గుర్తుంటే చాలు, అది ఎక్కడికి మారినా పట్టుకోవచ్చు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తెర వెనక జరిగే పనులన్నీ చెడ్డవి కావు. బ్రౌజర్ తనంతట తాను అప్‌డేట్ కావడం ఆపకండి. పాత బ్రౌజర్ దొంగలకు తలుపు తీసినట్టే. మోసపు సైట్ల జాబితా తెచ్చుకుని హెచ్చరించే సేఫ్ బ్రౌజింగ్‌ను ఆపకండి. కొందరు ఉత్సాహంలో క్యాప్టివ్ పోర్టల్ అనే సెట్టింగు కూడా ఆపేస్తారు. రైల్వే స్టేషన్‌లోనో హోటల్‌లోనో వైఫైకి కలిసినప్పుడు ఫోన్ నంబరు, ఓటీపీ అడిగే పేజీని గుర్తుపట్టి మనకు చూపించే ఏర్పాటు అది. ప్రయాణాలు చేసేవాళ్ళు దాన్ని అలాగే ఉంచుకోవడం మంచిది.

ఈ సెట్టింగులతో అంతా అయిపోతుందని కూడా అనుకోవద్దు. పేజీ తెరిచాక దానంతటదే ఆడే వీడియోలు, పేజీలోని ప్రోగ్రాములు తెచ్చే ప్రకటనలు ఈ సెట్టింగుకి లొంగవు. వాటికి ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్, వీడియోలు వాటంతటవే ఆడకుండా చేసే సెట్టింగు, ఫోన్‌లో డేటా సేవర్ వేరేగా వాడుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్‌తో విండోస్ ల్యాప్‌టాప్ నడిపేవాళ్ళు, ఆ వైఫై పేరు మీద నొక్కి, మీటర్డ్ కనెక్షన్ అనేది ఆన్ చేస్తే విండోస్ తన పెద్ద పెద్ద డౌన్‌లోడ్లను తగ్గించుకుంటుంది.

సైట్లు తయారుచేసే యువ ఇంజినీర్లు ఈ ప్రసంగం వింటుంటే మీకూ ఒక మాట. మీ పేజీలో ప్రీఫెచ్ సూచన పెట్టే ముందు, మీ పాఠకుడు పల్లెలో బలహీనమైన సిగ్నల్ మీద, రోజుకి లెక్క కట్టిన డేటాతో ఉన్నాడని ఒక్కసారి తలుచుకోండి. ఆ పేజీకి పదిమందిలో తొమ్మిదిమంది వెళ్తారని తెలిస్తే పెట్టండి. ఒకరిద్దరి కోసం అందరి డేటా ఖర్చు పెట్టకండి. తొలగించే పని, డబ్బు కట్టే పని, ఆర్డర్ పెట్టే పని ఎన్నడూ మామూలు లింకుగా ఉంచకండి. ఆ పాఠం కోసం కొందరు 2005లో తమ సమాచారం పోగొట్టుకున్నారు.

శ్రోతలారా, బ్రౌజర్ మన పనిముట్టు. అది ఎంత తెలివైనదైనా, ఎక్కడికి వెళ్ళాలో చెప్పాల్సింది మనమే. ముందుగా తెచ్చుకోవడం మీకు ఉపయోగమనిపిస్తే తెలిసి ఉంచుకోండి, వద్దనిపిస్తే తెలిసి ఆపుకోండి. తెలియకుండా మాత్రం ఉండకండి. ఈ రోజు ఒక పది నిమిషాలు తీరిక చేసుకుని మీ ఫోన్‌లో, మీ కంప్యూటర్‌లో ఈ సెట్టింగు ఎలా ఉందో చూడండి. మీది అయ్యాక, సెట్టింగుల జోలికి వెళ్ళడానికి భయపడే మీ అమ్మగారి ఫోన్, మీ నాన్నగారి ఫోన్ కూడా తీసుకుని వాళ్ళను అడిగి, వాళ్ళకు చూపిస్తూ సరిచేసి ఇవ్వండి.